పటముమీద రాజ్యములు, అంగడిలో అనుబంధములు

నేడు నేను ప్రసంగింపబోవు విషయము మీలో పెక్కండ్రకు క్రొత్తదిగా తోచవచ్చును. కొందఱకు విసుగును గూడ కలిగింపవచ్చును. అది కంప్యూటరుమీద ఆడెడి చరిత్రక్రీడలను గూర్చియు, వానికి వెలగట్టి విడిగా అమ్మెడి అనుబంధములను గూర్చియు. "నెరిసిన తలలకు ఈ పిల్లలాటలతో నేమి పని?" అని మీరడుగవచ్చును. కొంతకాలము క్రిందటి వఱకు నేనును అట్లే యంటిని. కాని ఆ యంగడిలో అమ్ముడుపోవుచున్న సరకేమియని విచారించి చూడగా, అందులో మన ఓరుగల్లును, మన గోలకొండయు, మన విజయనగరమును గూడ కలవని తెలిసినది. మన పూర్వుల కథ అమ్మకమునకు వచ్చినపుడు దాని మంచిచెడ్డల నరయుట పెద్దల పనియే కదా.

మాది శంషాబాదు ప్రక్క పల్లె. ముప్పది సంవత్సరములు బడిలో చరిత్రము చెప్పి విరమించినవాడను. 2008 మార్చిలో విమానాశ్రయము తెఱవబడినది మొదలు మా యింటిమీదుగా రాత్రింబవళ్లు విమానములు పోవుచునే యున్నవి. కడచిన వేసవి సెలవులకు నా కూతురి కొడుకు మా యింటికి వచ్చెను. పదునేడేండ్లవాడు. పగలెల్ల కంప్యూటరు ముందే కూర్చుండెడివాడు. ఒకనాటి సాయంకాలము నా ప్రక్కకు వచ్చి మెల్లగా నిట్లనెను:

"తాతా, కొన్ని పైసలు కావాలె."

"ఎందుకు బిడ్డా?"

"ఆటల మన రాజులు కనవడ్తరు గాని, మన రాజుతోని ఆడాలంటే వేరే కొనాలెనట."

ఆ మాట నాకు వింతగా తోచినది. రాజు కనబడునట, కాని యతని పక్షమున ఆడుటకు సొమ్ము చెల్లింపవలెనట! ఇదెక్కడి వ్యాపారమని కోపమువచ్చి, "పో, పోయి చదువుకో" అని కసరితిని. వాడేమియు అనలేదు. రెండు దినములు నాతో మాటాడనులేదు. మూడవనాడు నేనే పోయి వాని ప్రక్కన కూర్చుంటిని. అటుపిమ్మట నేను తెలిసికొన్న దంతయు మీకిపుడు విన్నవించుచున్నాను.

మొదట ఆట యెట్టిదో చెప్పెదను. మనకు చదరంగము తెలియును, పులిజూదము తెలియును. చదరంగములో ఇరుపక్షముల బలములును సమానములు. పులిజూదములో అట్లుకాదు. ఒకవైపు మూడు పులులు, మఱియొకవైపు పదునైదు మేకలు. పులికి దూకి చంపు శక్తి కలదు. మేకకు గుంపుగూడి దారిగట్టు శక్తి మాత్రమే కలదు. నేను చెప్పుచున్న చరిత్రక్రీడలు చదరంగముకంటె పులిజూదమునకే దగ్గఱి చుట్టములు. ఇందులో కొన్ని రాజ్యములు పులులు, కొన్ని మేకలు. ఆడువాడు తనకిష్టమైన దానిని ఎన్నుకొనును. బలహీనమైన దానిని ఎన్నుకొని నిలబెట్టుటయే గొప్పయని ఆటగాండ్ర యభిప్రాయము.

బల్లకు బదులు ఇందులో భూగోళపటము కలదు. దానిమీద ఒక్కొక్క రాజ్యమునకు ఒక్కొక్క రంగు. రాజ్యములు మండలములుగా విభజింపబడి యుండును. పటముమీద కాలము దినదినము గడచుచుండును. ఆడువాడు పన్నులు వసూలుచేయవలెను, సైన్యమును పోషింపవలెను, పొరుగురాజులతో సంధివిగ్రహములు నడుపవలెను, అప్పు చేసినచో వడ్డీ కట్టవలెను. ఒక యాట ముగియుటకు పదులకొలది గంటలు పట్టును. వీనిని మహావ్యూహక్రీడ లనవచ్చును.

ఈ తరగతి ఆటలకు పేరుపడ్డ తయారీదారులు స్వీడను దేశమున స్టాక్‌హోము నగరమునందున్న పారడాక్స్ అను సంస్థవారు. వారి యాటలలో యూరోపా యూనివర్సాలిస్ అనునది 2000 సంవత్సరమున మొదలైనది. దాని నాలుగవ కూర్పు 2013లో వెలువడినది. అందులో కథ 1444 నవంబరు 11వ తేదీన ప్రారంభమై 1821వఱకు నడచును. ఆ తేదీయే యేల? అంతకు ముందునాడు, అనగా నవంబరు 10వ తేదీన, వార్నా యను చోట తురుష్క సుల్తాను రెండవ మురాదు హంగరీ, పోలెండు దేశముల రాజును యుద్ధమున సంహరించెను. ఐరోపావారి కది యుగసంధి. ఆనాడు మన దేశమున విజయనగర సింహాసనముమీద రెండవ దేవరాయ లుండెను; బీదరులో బహమనీ సుల్తా నుండెను; కళింగమున కపిలేంద్ర గజపతి తలయెత్తుచుండెను. ఆ ముగ్గురి రాజ్యములును ఆ పటముమీద కలవు. ఎవరి పక్షమున నైనను ఆడవచ్చును.

దీనికి తోబుట్టువు క్రూసేడర్ కింగ్స్ అనునది. దాని రెండవ కూర్పు 2012లోను, మూడవది 2020లోను వచ్చినవి. మొదటి దానిలో ఆడువాడు రాజ్యమునకు ప్రాణము. ఇందులో ఆడువాడు ఒక మనుష్యుడు, ఒక వంశము. పెండ్లిచేసికొనవలెను, బిడ్డలను పెంచవలెను, దాయాదులను కనిపెట్టియుండవలెను. తాను చనిపోయినచో వారసుని రూపమున ఆట కొనసాగును. వారసుడు లేనిచో ఆట ముగిసినట్లే. మన పల్లెలలో భూమి పంపకముల తగవులు తీర్చిన పెద్దలకు ఇది బోధపఱుప నక్కఱలేదు.

ఈ యాటలయందు చరిత్రసూత్రము ఎట్లు ఇమిడియున్నదో రెండు దృష్టాంతములు చెప్పెదను.

మొదటిది దూకుడు. యూరోపా యూనివర్సాలిస్ నాలుగవ కూర్పులో, ఒకరాజు పొరుగుమండలమును గెలుచుకొన్న ప్రతిసారియు చుట్టుపట్ల రాజుల మనస్సులో అతనిపై భయమును కోపమును పెరుగును. ఆట దానిని అంకెలలో లెక్కించి చూపును. ఆ యంకె ఒక హద్దు దాటగానే, అంతవఱకు తమలోతాము కొట్లాడుకొనుచున్న రాజులు ఏకమై యతనిమీద కూటమి కట్టుదురు. నా మనుమడు దేవరాయల పక్షమున ఆడి, పది పదునైదేండ్లలో పెక్కు మండలములు మింగి, ఒక్కసారిగా నలువైపుల శత్రువులు పైబడగా కూలిపోయెను. "ఇది అన్యాయం తాతా" అనెను. అపుడు నేను వానికి అళియరామరాయల కథ చెప్పితిని. రామరాయలు ఒక సుల్తానుతో జేరి మఱియొకనిని కొట్టించుచు, దక్కను రాజ్యములను ఏండ్లతరబడి ఆడించెను. గోలకొండ యిబ్రహీం కుతుబ్‌షా చిన్నతనమున ఏడేండ్లు ఆయన యాశ్రయముననే యుండెను. అట్టివాడును, అహమ్మదునగరు, బిజాపురము, బీదరు ప్రభువులును తమ పగలు మఱచి యేకమైరి. 1565 జనవరి 23వ తేదీన రక్కసితంగడి యుద్ధమున రామరాయలు హతుడయ్యెను. నా బడిపిల్లలకు ఈ పాఠమును ముప్పదియేండ్లు చెప్పితిని. తారీకులు వల్లెవేసిరి గాని కూటమి యేల కట్టిరో తెలిసికొన్నవారు తక్కువ. ఈ కుఱ్ఱవాడు తానే యోడిపోయి, తానే కారణ మడిగెను. ఆ రాత్రి నాకు కోపము సగము చల్లారినది.

రెండవది వారసత్వము. క్రూసేడర్ కింగ్స్‌లో కూతురు గద్దె నెక్కినచో సామంతులు సాధారణముగా మొగము ముడుచుకొందురు. అదను చూచి తిరుగబడుదురు. ఆడువాడు వారిని బుజ్జగింపవలెను, లేక అణపవలెను. ఇది విని నాకు గణపతిదేవుడు జ్ఞప్తికి వచ్చెను. కుమారులు లేని యా కాకతీయ చక్రవర్తి తన కూతురు రుద్రమను ఉత్తరాధికారిణిగా జేసెను. ఆమె 1262 మొదలు 1289వఱకు ఏలెను. శాసనములు ఆమెను రుద్రదేవ మహారాజని పురుషనామముతో వ్యవహరించుచున్నవి. కాయస్థ అంబదేవుడు ఆమెపై తిరుగబడెను. నల్లగొండ మండలమందలి చందుపట్ల శాసనమువలన ఆమె 1289లో మరణించినట్లు తెలియుచున్నది. పురుషనామమెందుకు పెట్టుకొనవలసివచ్చినదో బడిలో చెప్పుట కష్టము. సామంతుల యలుక అంకెలలో పెరుగుచుండగా కుఱ్ఱవానికది తానై బోధపడెను.

ఇక అనుబంధముల సంగతి. ఇదియే నేటి ప్రసంగమునకు మూలము.

పూర్వము ఆట నొకసారి కొన్నచో అది సంపూర్ణముగా మనదే. చదరంగపు బల్ల కొన్నవానిని మంత్రికి వేఱుగ పైకమడిగినవా రెవ్వరును లేరు. ఈ క్రీడల పద్ధతి వేఱు. మొదట మూలక్రీడను అమ్ముదురు. పిమ్మట ఏడాదికి ఒకటియో రెండో అనుబంధములను తయారుచేసి, వానిని వేర్వేఱుగ వెలకు పెట్టుదురు. ఒక్కొక్క యనుబంధములో క్రొత్తదేశముల కథలు, క్రొత్త పరిపాలనారీతులు, క్రొత్త సాధనములు ఉండును. ఇట్లు ఏడెనిమిదేండ్లు గడచుసరికి అనుబంధములన్నింటి వెల కలిపినచో మూలక్రీడ వెలకు పెక్కురెట్లగును.

మన పల్లెలలో ఒగ్గుకథవారు, బుఱ్ఱకథవారు ఏమి చేయుదురో మీకు తెలియును. కథ మంచి పట్టులోనికి రాగానే డోలు ఆపుదురు. "రాజకుమారుని తలమీద కత్తి యెత్తిరి, ఆ కత్తి దిగవలెనా వద్దా?" అని పళ్లెము త్రిప్పుదురు. చిల్లర పడినగాని కథ సాగదు. అనుబంధముల వ్యాపారము ఇంచుమించుగ నిట్టిదే. భేదమొక్కటి కలదు: ఒగ్గుకథలో పళ్లెమున వేయనివాడును కథ వినును. ఇందులో వేయనివాడు గుడారము వెలుపలనే యుండును.

2014 మార్చిలో పారడాక్స్‌వారు క్రూసేడర్ కింగ్స్ రెండవ కూర్పునకు "రాజాస్ ఆఫ్ ఇండియా" యను అనుబంధమును వెలువరించిరి. అంతవఱకు ఆ పటము తూర్పున భరతఖండమువఱకు రాలేదు. అప్పుడు వచ్చినది. వచ్చిన పటము అందఱకును ఉచితమే. అందఱి యాటలోను కల్యాణి చాళుక్యులు కనబడుదురు, చోళులు కనబడుదురు. కాని హిందూ, బౌద్ధ, జైన రాజుల పక్షమున ఆడవలెనన్నచో అనుబంధమును కొనవలెను. మూలక్రీడయో 2019 అక్టోబరు మొదలు ఉచితమైనది. నా మనుమని కంప్యూటరు పాతది. కావున వాడు ఈ పాతయాటనే ఉచితముగా దెచ్చుకొనెను. ఫ్రాంసు రాజుగా ఆడవచ్చును, ఇంగ్లండు రాజుగా ఆడవచ్చును. మన నేలను ఏలిన చాళుక్య త్రైలోక్యమల్లుని మాత్రము కిటికీలోనుండి చూచినట్లు చూడవలసినదే. వాడు నన్ను పైకమడిగినది ఇందులకే.

ఇది మనవారికి మాత్రము జరిగిన యవమానమని తలంపవలదు. ఆ యాట పుట్టినపుడు ఐరోపా క్రైస్తవ ప్రభువులకే మొదటి పీట. మహమ్మదీయ ప్రభువులుగా ఆడుటకు 2012లో ఒక యనుబంధము, ఉత్తరదేశపు ప్రాచీన మతస్థులుగా ఆడుటకు 2013లో ఒకటి, వర్తకుల గణరాజ్యములకు ఇంకొకటి. వచ్చిన క్రమమే చూడుడు: తయారుచేసినవారు ఎచటివారో, వారి యింటిముంగిటనుండియే చరిత్రము మొదలైనది. దూరపు చుట్టములు వెనుకబంతిలో కూర్చుండిరి. 2020లో వచ్చిన మూడవ కూర్పున ఈ లోపము సవరింపబడినది. అందులో భారతరాజులు మూలక్రీడతోనే వచ్చుచున్నారు, వేఱుగ కొననక్కఱలేదు. ఆటగాండ్ర మొఱ వ్యర్థము కాలేదని దీనివలన తెలియుచున్నది.

యూరోపా యూనివర్సాలిస్‌కును 2018 సెప్టెంబరులో "ధర్మ" యను పేర భరతఖండమునకు సంబంధించిన అనుబంధము వచ్చినది. అందులో మొగలులు జయించిన జాతుల సంస్కృతులను తమలో కలుపుకొని బలపడెడి యేర్పాటు కలదు.

ఈ యాటలను ప్రేమించువారు ప్రపంచమంతట కలరు. వారు ఒకరి నొకరు ఎన్నడును చూడకయే వ్రాతమూలమున వాదించుకొనుచుందురు. స్టాక్‌హోమువాడును, శంషాబాదువాడును ఒక్క పంచాయతిలో కూర్చున్నట్లే. వారి వాదములు నేను కొన్ని దినములు మనుమని ప్రక్కన కూర్చుండి చదివితిని. వానిలో ముఖ్యమైన పక్షములు రెండు.

మొదటి పక్షమువా రనునది: "ఇది ముక్కలు ముక్కలుగా కోసి అమ్మెడి వ్యాపారము. మూలక్రీడలో ఉండవలసినదానిని తీసి వెనుక అమ్ముచున్నారు. క్రొత్తవాడు అంగడికి వచ్చి యనుబంధముల పట్టిక చూచి బెదరి పాఱిపోవుచున్నాడు. సరకు నాసిగా నున్నను కొన్నవాడే భరింపవలసివచ్చుచున్నది." వీరికి సాక్ష్యము లేకపోలేదు. 2021 ఏప్రిలులో వచ్చిన "లెవయతన్" అను అనుబంధము లోపముల పుట్టగా నుండగా, కొన్నవారందఱు దుమ్మెత్తిపోసిరి. తయారీదారులే బహిరంగముగా క్షమాపణ చెప్పుకొనిరి. అంతకుముందు 2017లో కొన్ని దేశములలో వెలలు పెంచి, ఆటగాండ్రు అలిగినందున మఱల తగ్గించిరి.

రెండవ పక్షమువా రనునది: "పనివానికి కూలి వలదా? ఒకసారి అమ్మి చేతులు దులుపుకొన్నచో ఆట రెండేండ్లలో పాతబడును. అనుబంధములవలన వచ్చెడి సొమ్ముతోనే పదియేండ్లు దానిని బాగుచేయుచున్నారు. ప్రతి యనుబంధముతోడను అందఱకును ఉచితముగా కొన్ని సవరణలు ఇచ్చుచున్నారు. ఇష్టము లేనివాడు కొనకున్నను ఆడవచ్చును." ఇదియు త్రోసివేయదగిన మాట కాదు. 2013లో పుట్టిన యాట పదియేండ్లు దాటినను ఆడబడుచున్నదన్నచో, ఎవరో పోషించుచున్నందుననే కదా.

ఇరువురి మాటలును విన్న పిమ్మట నాకు తోచినది చెప్పెదను. కూలి న్యాయమే. కాని కొనువానికి ముందుగ తెలియవలసినది తెలియవలెను: ఏది ఉచితము, ఏది వెలకు, మొత్తమెంత. విత్తనముల దుకాణములో సంచి విప్పి చూపనివానిని మనము నమ్మము. ఇచ్చటను అదియే నీతి.

వాదించువారిలో మూడవ తెగ యొకటి కలదు. వీరు వెలను గూర్చి గాక నిజమును గూర్చి తగవులాడుదురు. నాకు వీరే యెక్కువ నచ్చిరి. ఫలానా కోట ఫలానా సంవత్సరమున ఎవరి చేతిలో నున్నది, ఫలానా రాజు పేరు తప్పుగా వ్రాసిరి అని శాసనములు, గ్రంథములు చూపి తయారీదారులకు విన్నపములు పెట్టుచుందురు. కొందఱు తామే కూర్చుండి ఆటను సవరించి, ఆ సవరణలను ఉచితముగా అందఱకును పంచుదురు. పైస యాశింపక రేయింబవళ్లు శ్రమించెడి యీ యువకులను చూచి, పూర్వము తాళపత్రములు నకళ్లు వ్రాసి పంచిన మహనీయులు జ్ఞప్తికి వచ్చిరి.

అయినను ఈ యాటలలో లేనివాటిని గూర్చి చెప్పకున్నచో నా ప్రసంగము పక్షపాతమగును.

యూరోపా యూనివర్సాలిస్ నాలుగవ కూర్పులో ఒక మండలమును మూడంకెలతో కొలుచుదురు: పన్ను, ఉత్పత్తి, సైన్యమునకు దొరకు మనుష్యులు. చెఱువేది? కాకతీయుల ప్రతిష్ఠ కత్తిమీద ఎంత యున్నదో కట్టమీద అంత యున్నది. పాకాలయు రామప్పచెఱువును ఏడువందల యేండ్లు దాటినను నేటికిని నీరిచ్చుచున్నవి. రాజు పోయెను, రాజ్యము పోయెను, చెఱువు నిలిచినది. ఆ యాటలో గోలకొండయని యొక మండలము కలదు. మా శంషాబాదు పేరు లేదు. వందలకొలది గ్రామములు, వాని రైతులు, కుమ్మరులు, చాకలివారు, మంగలివారు ఒక్కరంగు పూతక్రింద అణగియున్నారు.

ఇక మతము. ఆ యాటలో రాజున కొక మతము, మండలమున కొక మతము. రెండును వేఱైనచో సాధారణముగా కలతలే. కాని మన యిబ్రహీం కుతుబ్‌షా కథ ఏ యంకెలో పట్టును? 1550 మొదలు 1580వఱకు గోలకొండ నేలిన యా ప్రభువును మన కవులు మల్కిభరాముడని తెలుగుచేసికొనిరి. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకు అంకితమిచ్చెను. పటాన్‌చెఱువు నేలిన అమీనుఖానునకు పొన్నెగంటి తెలగన్న అచ్చతెలుగు యయాతిచరిత్రను అంకితమిచ్చెను. ఆట లెక్కలో కలతగా కనబడవలసినచోట కావ్యము పుట్టినది.

తప్పుడు కథలును ఈ లోకమున పుట్టుచుండును. 1991లో వెలువడిన సివిలిజేషన్ అను ప్రసిద్ధక్రీడలో భారతదేశమునకు నాయకుడుగా గాంధీమహాత్ముని నిలిపిరి. లెక్కలో దొర్లిన పొరపాటువలన మహాత్ముడు అణుబాంబులు వేయుచుండెనని ఒక కథ చిరకాలము వ్యాపించినది. ఆ క్రీడను రచించిన సిడ్ మయర్ అట్టి పొరపాటు లేనేలేదని 2020లో ప్రకటించిన తన స్వీయచరిత్రలో వ్రాసెను. ఆటలోని చరిత్రనే గాక, ఆటను గూర్చిన చరిత్రను గూడ పరీక్షింపక నమ్మరాదని దీనివలన తేలుచున్నది.

మహాశయులారా, ఒక్క సంగతి మాత్రము నన్ను నిద్రపోనీయలేదు. దానిని గూడ చెప్పి ముగించెదను.

ఒకనాడు నా మనుమడు పటముమీద ఒక మండలమును తాకి, "ఇది వాళ్లకు ఇచ్చేస్త తాతా, నాకు అక్కఱ లేదు" అని సంధిపత్రము ముగించెను. తెర చెదరలేదు, చప్పుడు కాలేదు. రంగు మాఱినది, అంతే. ఆ క్షణమున మా యింటిమీదుగా విమానమొకటి దిగుచుండెను. నేను వానిని వెలుపలికి బిలిచి చూపితిని. ఇచట విమానాశ్రయమునకు సుమారు 5,500 ఎకరములు తీసికొనిరి. అందలి పెద్ద పరుగుబాట పొడవు 4,260 మీటర్లు. దానికిముందు ఆ నేల యెవరెవరిదో నాకు పేరుపేరున తెలియును. జొన్నచేలు, మామిడితోటలు, మేకలు మేసెడి గుట్టలు. ఎక్కడనో ఒక బల్లమీద పటము పఱచి గీతగీసిరి. విమానాశ్రయము వలదని నేననుట లేదు. అది వచ్చినందువలన పని దొరికినవా రున్నారు, బాట పడినది, మన బిడ్డలు దేశదేశములకు పోయి వచ్చుచున్నారు. నేను చెప్పునది ఒక్కటే: పటముమీద గీతయెంత సన్ననిదైనను, నేలమీద అది యొకరి గడపమీదుగా పోవును. గీత గీయువానికి గడప కనబడదు. గడపలోనివానికి గీత కనబడదు.

ఈ మాట వానితో అంటిని. వాడు చాలసేపు ఊరకుండెను. పిమ్మట, "అయితే ఆ మండలంల ఉన్నోళ్లేమైతరు తాతా?" అని అడిగెను. "ఆ ప్రశ్న నీ యాట అడుగదు బిడ్డా, నీవే అడుగవలెను" అని చెప్పితిని.

మఱునాడు వానిని వెంటబెట్టుకొని గోలకొండకు పోయితిని. 1687లో ఎనిమిది నెలల ముట్టడికి పిమ్మట ఔరంగజేబు సేనలు ప్రవేశించిన ఆ కోటను, క్రింద చప్పట్లు కొట్టినచో పైన వినబడెడి ద్వారమును, నీటిని పైకెక్కించిన మట్టిగొట్టములను చూచితిమి. వాడు తన యాటలో లేనివాటిని ఒక్కొక్కటిగా లెక్కించుచు వచ్చెను. తిరిగివచ్చిన పిమ్మట అనుబంధము కొనుటకు సొమ్ము ఇచ్చితిని. కాని మూడు నిబంధనలు పెట్టితిని. మీ యిండ్లలోను ఇవి పనికివచ్చునని తలచి చెప్పుచున్నాను.

మొదటిది: వెలువడిన దినముననే కొనరాదు. కొన్ని వారములు ఆగి, ముందుకొన్నవారి మాట వినవలెను. ఏడాదిలో కొన్ని తరుణములయందు ఈ యనుబంధములను సగమువెలకును, ఒక్కొక్కపుడు అంతకంటె తక్కువకును అమ్ముదురు. పంట చేతికి రాకముందే బేరమాడువాడు నష్టపడునట్లే, తొందరపడి కొన్నవాడును నష్టపడును. నెలనెల కొంత సొమ్ము చెల్లించు పద్ధతియు కొన్ని యాటలకు కలదు. సెలవులలో మాత్రమే ఆడువానికి అది చౌక, మాన్పుట మఱచినవానికి అది జలగ.

రెండవది: ఆడుటకు గంటల హద్దుండవలెను. ఈ యాటలకు ముగింపు దూరము. "ఇంకొక్క సంవత్సరము, ఇంకొక్క యుద్ధము" అనుచు తెల్లవాఱును. ధర్మరాజును జూదము చెఱచినది బలహీనుడగుటచేత కాదు, లేవలేకపోవుటచేత. పలనాటిలో కోడిపందెము దేశమునకే చిచ్చుపెట్టినది. ఆటనుండి లేచుటయును ఆటలో ఒక విద్యయే.

మూడవది: ఏ రాజు పక్షమున ఆడునో ఆ రాజును గూర్చి ఆటలో లేని విషయములు మూడు నాకు తెచ్చి చెప్పవలెను. ఈ మూడవ నిబంధనయే వానికి కష్టమైనది, నాకు లాభమైనది. చాళుక్య త్రైలోక్యమల్లుడు 1068లో తుంగభద్రలో మునిగి తనువు చాలించెనని వాడే గ్రంథము చూచి వచ్చి నాకు చెప్పెను. కాకతీయులు ఆనాడు ఆ చాళుక్యులకు సామంతులుగా అనుమకొండ ప్రాంతమున ఉండిరనియు, 1163 నాటి వేయిస్తంభముల గుడి శాసనము వారి స్వాతంత్ర్యమును చాటుచున్నదనియు చెప్పెను. నేను వినుచు కూర్చుంటిని. ముప్పదియేండ్లు చెప్పినవాడనైన నాకు, వినుటయందలి సుఖము ఇప్పుడు తెలిసినది.

కావున పెద్దలారా, మీ మనుమడు తెరముందు కూర్చుండి రాజ్యములేలుచున్నపుడు దూరమునుండి కసరకుడు. పీట వేసికొని ప్రక్కన కూర్చుండుడు. ఏ రాజ్యము, ఏ సంవత్సరము, ఎవరితో యుద్ధము అని యడుగుడు. వెల యెంతయని అడుగుడు. ఆ తరువాత, ఆ మండలములోని చెఱువు పేరేమియని యడుగుడు. అది యెవ్వరును అమ్మజాలని అనుబంధము. మీ వద్దనే యున్నది. మీరు చెప్పకున్నచో వానికి ఏ యంగడిలోను దొరకదు.